ఫారో ఓటరు మాట మార్చాడా? 1994, 1998 ఎన్నికల వెనుక కథ

మీరు అడిగింది ఇది: 1990ల మొదట్లో ఫారో దీవులు దివాలా అంచుకు వెళ్లాయి. అంత కష్టకాలంలో, 1994లో, డెన్మార్క్‌తోనే కలిసి ఉందామనే యూనియన్ పార్టీని జనం అన్నిటికన్నా పెద్ద పార్టీగా గెలిపించారు. 1998కి పరిస్థితి కాస్త కుదుటపడింది. అప్పుడు డెన్మార్క్ నుంచి విడిపోదామనే రిపబ్లికన్ పార్టీకి అందరికన్నా ఎక్కువ ఓట్లు వేశారు. కష్టంలో అండ వెతుక్కుని, కాస్త తెప్పరిల్లగానే చెయ్యి విదిలించుకున్నారా? చిన్న దీవుల జనానికి రాజకీయ నిలకడ ఉండదా?

ఈ ప్రశ్న నాకు పాత చుట్టం. డిగ్రీ కళాశాలలో పాతికేళ్లు రాజనీతి శాస్త్రం చెప్పాను. ‘జేబు నిండితే ప్రభుత్వానికి ఓటు, ఖాళీ అయితే ప్రతిపక్షానికి ఓటు’ అనే పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఈ రెండు సంవత్సరాలు రాసి, ఏ పార్టీ గెలిచి ఉంటుందో చెప్పమని పిల్లలను అడిగేవాడిని. దాదాపు ప్రతి ఏడూ తరగతి మొత్తం తప్పే చెప్పేది. 1994లో కోపం వచ్చి వేర్పాటువాదులకు వేసి ఉంటారని, 1998లో బాగు చేసిన ప్రభుత్వాన్ని మళ్లీ గెలిపించి ఉంటారని అనేవారు. జరిగింది సరిగ్గా దానికి తిరగబడి.

నా సమాధానం ముందే చెబుతాను. నిలకడ లేకపోవడం కాదు. 1994లో, 1998లో ఫారో ఓటరు ముందున్న ప్రశ్న వేరు. మొదటిసారి ‘డబ్బు ఎవరు తేగలరు?’ అన్నది ప్రశ్న. రెండోసారి ‘ఆ డబ్బు పేరుతో మనల్ని ఎవరు మోసం చేశారు?’ అన్నది ప్రశ్న. ఇది అర్థం కావాలంటే ఆ దీవుల చేతిలో ఏముంది, ఏమి లేదు అన్నది తెలియాలి.

ఫారో అంటే స్కాట్లాండ్‌కు, ఐస్‌లాండ్‌కు మధ్య అట్లాంటిక్‌లో ఉన్న 18 దీవులు. జనాభా మన చిన్న మునిసిపాలిటీ అంత. డెన్మార్క్ రాజ్యంలో భాగం. 1948 నుంచి స్వపరిపాలన చట్టం ఉంది. చేపల వేట, పన్నులు, రోడ్లు, సొరంగాలు, ఇంటి వ్యవహారాలన్నీ దాదాపుగా లోగ్టింగ్ అనే వాళ్ల సొంత శాసనసభ చేతిలో ఉన్నాయి. 1973లో డెన్మార్క్ ఐరోపా సముదాయంలో చేరినప్పుడు, చేపల మీద హక్కు పోతుందని వీళ్లు బయటే ఉండిపోయారు. అంటే స్వతంత్ర బుద్ధి గట్టిదే. అయితే కరెన్సీ డెన్మార్క్ క్రోనరే. నోట్ల మీద ఫారో బొమ్మలున్నా విలువ ఒకటే. బ్యాంకుల పర్యవేక్షణ కోపెన్‌హేగన్ అధికారులది. ఏటా ఇంత అని డెన్మార్క్ గ్రాంటు ఇస్తుంది. పక్కనున్న ఐస్‌లాండ్‌కు చేపల ధర పడిపోతే తన కరెన్సీ విలువ తగ్గించుకుని ఊపిరి పీల్చుకునే దారి ఉంది. ఫారోకు ఆ దారి లేదు. చేపలు తగ్గితే జీతాలు తగ్గాలి, ఉద్యోగాలు పోవాలి, లేదా మనుషులు పోవాలి. మూడూ జరిగాయి.

ఎలా జరిగాయో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు ఎవరిదన్న వాదన మీదే తర్వాతి ఎన్నికలన్నీ నడిచాయి.

1977లో 200 మైళ్ల సముద్ర హద్దు వచ్చింది. తమ నీళ్లు తమవయ్యాయి కానీ, అంతకు ముందు ఎక్కడెక్కడో వేటాడే వాళ్ల పెద్ద నావలు ఇతరుల నీళ్లకు దూరమై ఇంటికి తిరిగొచ్చాయి. ఆగకుండా 1980ల్లో అప్పులు చేసి కొత్త ట్రాలర్లు కొన్నారు, చేపల ఫ్యాక్టరీలు కట్టారు. ఊరూరికీ ఒక ఫ్యాక్టరీ, దీవిదీవికీ ఒక సొరంగం. ప్రతి నియోజకవర్గంలోనూ ఎవరో ఒక సభ్యుడు తన రేవుకు ఏదో ఒకటి తెచ్చుకున్నాడు. పట్టిన చేపకు ధర చాలకపోతే ప్రభుత్వమే సబ్సిడీ ఇచ్చి పూడ్చేది. చెరువు కింద అయిదెకరాలు పారే నీళ్లకు పాతికెకరాలు నాట్లు వేసి, ఎండిన మళ్లకు పంచాయతీ నష్టపరిహారం ఇచ్చినట్టు అనుకోండి. దశాబ్దం చివరికి విదేశీ అప్పు దీవుల ఏడాది ఉత్పత్తిని మించిపోయింది.

అప్పుడు చెరువు ఎండింది. 1980ల మధ్యలో ఫారో దీవుల చుట్టూ కాడ్ చేప ఏటా 35 నుంచి 40 వేల టన్నుల వరకు దొరికేది. 1993కి అది 6 వేల టన్నుల దగ్గరకు పడిపోయింది. చేప లేని నావకు ఇచ్చిన అప్పు ఎలా వసూలవుతుంది? 1992 అక్టోబరు 6న షోవిన్నుబాంకిన్ అనే పెద్ద బ్యాంకు కూలిపోయే స్థితిలో ఉందని తేలింది. డెన్మార్క్ అప్పిచ్చి, దాని కోసం ఒక నిధిని పెట్టి బ్యాంకును నిలబెట్టింది. కానీ ఆ అప్పు ఫారో ప్రజల నెత్తిమీదే పడింది. దానితోపాటు షరతులూ వచ్చాయి: ఖర్చు తగ్గించాలి, పన్నులు పెంచాలి, చేపల సబ్సిడీలు ఎత్తేయాలి. 1993 నుంచి అమ్మకాల మీద కొత్తగా విలువ ఆధారిత పన్ను మొదలైంది. నిరుద్యోగ బీమా అనే వ్యవస్థ అప్పటికి కళ్లు తెరిచిన పసిబిడ్డ. అది 1992లోనే పుట్టింది. అంతకు ముందు దాని అవసరమే పెద్దగా రాలేదు మరి. 1994 నాటికి నిరుద్యోగం 20 శాతం దాటింది.

ఇక్కడ ఒక సంగతి మీద కాస్త ఆగాలి. ఎన్నికల పుస్తకాలు దీన్ని తరచుగా వదిలేస్తాయి. ఫారో మనిషి చేతిలో ఉండేది డెన్మార్క్ పాస్‌పోర్టు. కోపెన్‌హేగన్‌కు వెళ్లి ఉద్యోగం చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1989లో దాదాపు 48 వేలున్న జనాభా 1995కి 43 వేల చిల్లరకు పడింది. పది మందిలో ఒకరు వెళ్లిపోయారు. వెళ్లినవారు ఎక్కువగా ఎవరు? పాతిక నుంచి నలభై ఏళ్ల లోపువారు, ఇంటి అప్పు ఉన్నవారు, చిన్నపిల్లల తల్లిదండ్రులు. అంటే అందరికన్నా ఎక్కువ కోపం ఉండాల్సినవారు. డెన్మార్క్‌లో కాపురం పెట్టినవారికి లోగ్టింగ్ ఓటు ఉండదు. సంక్షోభంలో అందరికంటే గట్టిగా అరిచే గొంతులు ఓడ ఎక్కి వెళ్లిపోయాయి. మిగిలినవారు ఓటు వేశారు. పెద్ద దేశంలో ఇలా జరగదు. అక్కడ కోపం వచ్చిన మనిషికి ఓటు ఉంటుంది, వెళ్లడానికి చోటు ఉండదు. ఇక్కడ వెళ్లడానికి చోటు ఉంటుంది, వెళ్లాక ఓటు ఉండదు.

ఇప్పుడు 1994 జూలై 7కు వద్దాం.

అప్పటి ప్రధాని మారిటా పీటర్సన్, సోషల్ డెమొక్రాట్. టీచరుగా పనిచేసిన మనిషి. 1993 జనవరిలో పదవిలోకి వచ్చారు. ఆ దీవుల్లో ఆ పదవి చేపట్టిన మొదటి మహిళ. నా లెక్కలో ఆమెకు దక్కింది పదవి కాదు, దివాలా దస్తావేజు. బ్యాంకు కూలింది ఆమె ముందున్న ప్రధాని హయాంలో, షరతులు అమలు చేయాల్సింది ఆమె. ప్రజలు తిట్టాల్సింది ఎవరిని? ఎదురుగా ఉన్న మనిషినే తిడతారు. 1990లో సోషల్ డెమొక్రాట్లకు 32 సీట్లలో 10 వచ్చాయి. 1994లో సరిగ్గా సగం, 5 మిగిలాయి.

యూనియన్ పార్టీ 23.4 శాతం ఓట్లతో 8 సీట్లు గెలిచింది. పీపుల్స్ పార్టీకి 6, రిపబ్లికన్లకు 4, సెల్ఫ్ గవర్నమెంట్ పార్టీకి 2, క్రైస్తవ పీపుల్స్ పార్టీకి 2, సెంటర్ పార్టీకి 2. వీటన్నిటి మధ్య ఒక కొత్త ముఖం: కార్మిక సంఘాల మనుషులు ఆ ఏడాదే పెట్టిన వర్కర్స్ ఫ్రంట్ మొదటి దెబ్బకే 3 సీట్లు గెలిచింది. సోషల్ డెమొక్రాట్లు కోల్పోయిన ఓట్లలో ఒక పెద్ద ముక్క అటే వెళ్లిందని నా నమ్మకం. కోత విధించిన వామపక్షాన్ని కార్మికుడు క్షమించడు. కుడిపక్షం కోత విధిస్తే ‘వాళ్లింతే’ అనుకుంటాడు.

ఈ అంకెల స్థాయి ఏమిటో మీకు తట్టాలంటే: ఒక సీటుకు దాదాపు 800 ఓట్లు. అంటే మన దగ్గర ఓ మోస్తరు గ్రామంలో సర్పంచ్ గెలుపుకు కావలసినంత. అభ్యర్థి మీ అమ్మమ్మగారి ఊరి మనిషి, లేదా మీ నావ సరంగు, లేదా మీ పిల్లల టీచరు. అప్పటి పద్ధతిలో ఏడు నియోజకవర్గాలు, పార్టీల ఓట్ల వాటాకు తగ్గట్టు సీట్లను సర్దడానికి మరికొన్ని అదనపు సీట్లు. సాండోయ్ లాంటి చిన్న దీవిలో ఒక ఫ్యాక్టరీ మూతపడితే అది వార్త కాదు, అదే అక్కడి ఎన్నిక.

మరి యూనియన్ పార్టీయే ఎందుకు? డెన్మార్క్ మీద హఠాత్తుగా ప్రేమ పుట్టిందనుకుంటే పొరపాటు. అప్పిచ్చినవాడితో మాట్లాడటానికి ఇంట్లో ఎవరిని పంపిస్తాం? వాడితో పోట్లాడి వచ్చిన తమ్ముణ్ణి పంపం. వాడి గుమ్మంలో కూర్చోగలిగిన అన్నను పంపుతాం. అన్న మీద ప్రేమ వేరు, అన్నను పంపడం వేరు. ఆ ఏడాది దీవుల దగ్గర జీతాలివ్వడానికి కూడా డెన్మార్క్ సాయం కావలసిన స్థితి. అలాంటప్పుడు ‘విడిపోదాం’ అనేది వాదనగా కూడా నిలబడదు. రిపబ్లికన్లు 4 సీట్ల దగ్గరే ఆగిపోయింది అందుకే. పైగా మారిటా పీటర్సన్ కూటమిలో వారు కూడా భాగస్వాములు. చేతికి మసి అంటుకునే ఉంది.

యూనియన్ పార్టీ నాయకుడు ఎడ్మండ్ యోయెన్సెన్ సెప్టెంబరులో ప్రధాని అయ్యారు. కూటమిలో ఎవరున్నారో చూడండి: యూనియన్, సోషల్ డెమొక్రాట్లు, సెల్ఫ్ గవర్నమెంట్ పార్టీ, వర్కర్స్ ఫ్రంట్. ఓడిపోయినవారు, వారిని ఓడించినవారు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఎనిమిది పార్టీలు, 32 సీట్లు ఉన్న సభలో ఇది వింత కాదు. 1996లో సోషల్ డెమొక్రాట్లు బయటికి వెళ్లి, పీపుల్స్ పార్టీ లోపలికి వచ్చింది.

మధ్యలో ఒక చిన్న దృశ్యం చెబుతాను. పదవీ విరమణ తర్వాత ఓసారి జూలై చివర్లో ఫారో రాజధాని టోర్స్‌హావ్న్ వెళ్లాను. జూలై 29న, ఓలావ్సోకా పండుగ రోజు, లోగ్టింగ్ సమావేశాలు మొదలవుతాయి. సభ్యులు, మత గురువులు, అధికారులు వరుసగా నడిచి చర్చికి వెళతారు, ప్రార్థన అయ్యాక మళ్లీ వరుసగానే సభా భవనానికి తిరిగొస్తారు. వీధికి రెండు వైపులా జనం జాతీయ దుస్తుల్లో నిలబడి ఉన్నారు. నా పక్కన ఉన్న ముసలాయన ఆ వరుసలో నడుస్తున్న వాళ్లలో సగం మందిని పేరు పెట్టి పలకరించాడు. రెండు అడుగులు వేస్తే టింగానెస్: ఎర్ర రంగు చెక్క ఇళ్లు, పైకప్పుల మీద గడ్డి, మధ్యలో రాళ్లు పరిచిన సందు. ప్రధాని కార్యాలయం అక్కడే. గేటు లేదు, కాపలా బంట్రోతు లేడు. కిటికీ అద్దంలోంచి బల్ల మీద కాగితాలు కనిపిస్తున్నాయి. ఇంత దగ్గరగా ఉండే ప్రభుత్వం తప్పు చేస్తే దాక్కోవడానికి చోటుండదని అప్పుడు అనిపించింది. దాక్కోవడానికి చోటున్న ప్రభుత్వం 1,300 కిలోమీటర్ల దూరంలో, కోపెన్‌హేగన్‌లో ఉంది. 1998 కథ అక్కడ మొదలవుతుంది.

1994 తర్వాత అదృష్టం కలిసొచ్చింది. కాడ్ తిరిగొచ్చింది. 1995లో 20 వేల టన్నులు దాటి, 1996లో 40 వేల టన్నుల దాకా చేరింది. ఇది ఏ ప్రభుత్వం గొప్పా కాదు. సముద్రంలో చేప పిల్లలు బతికే సంవత్సరాలు కొన్ని వస్తాయి, అవి వచ్చాయి. అయితే ప్రభుత్వం చేసిన మంచి పని ఒకటుంది. డెన్మార్క్ ఒత్తిడితో 1994లో తెచ్చిన కోటా పద్ధతి పనిచేయలేదు. ఒక్కో నావకు ఇన్ని టన్నులని కట్టేస్తే, కోటా దాటిన చేపను జాలరి సముద్రంలోనే పారేస్తాడు, లేదా రాసేటప్పుడు మరో పేరు రాస్తాడు. 1996 జూన్‌లో దాన్ని తీసేసి ‘వేట రోజులు’ అనే పద్ధతి పెట్టారు: ఇన్ని టన్నులు కాదు, ఏడాదికి ఇన్ని రోజులు. ఆ రోజుల్లో పట్టింది మొత్తం ఒడ్డుకు తెచ్చుకోవచ్చు. శాస్త్రవేత్తలకు దీని మీద అనుమానాలున్నా, జాలర్లు దీన్ని తమదిగా తీసుకున్నారు. నిరుద్యోగం దిగడం మొదలైంది, వెళ్లినవారిలో కొందరు తిరిగి రావడం మొదలైంది.

నా తరగతి పిల్లల లెక్కన అయితే యోయెన్సెన్ సునాయాసంగా గెలవాలి. ఓడిపోయారు. ఎందుకంటే బ్యాంకుల సంగతి బయటపడింది.

షోవిన్నుబాంకిన్ కాకుండా రెండో పెద్ద బ్యాంకు ఫోరోయా బాంకి. దాని ప్రధాన యజమాని డెన్మార్క్‌లోని డెన్ డాన్స్‌కే బ్యాంక్. 1993లో వాటాల మార్పిడి ఒకటి జరిగింది. డెన్ డాన్స్‌కే బ్యాంక్ తన ఫోరోయా బాంకి వాటాలను, ఫారో ప్రజల అప్పుతో నడిచే ఆ నిధికి అప్పగించి బయటపడింది. ఆ తర్వాత ఫోరోయా బాంకిలో భారీ నష్టాలున్నాయని తేలింది. పూడ్చడానికి వంద కోట్ల క్రోనర్లకు పైగా కావలసి వచ్చింది. అది కూడా ఫారో ఖాతాలోకే. అంటే కోపెన్‌హేగన్‌లోని పెద్ద బ్యాంకు కుండలోని చిల్లిని చెప్పకుండా కుండను చేతిలో పెట్టిందని ఫారోలో అందరూ అనుకున్నారు. పర్యవేక్షించాల్సిన డెన్మార్క్ అధికారులకు ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అన్న ప్రశ్న ఏళ్ల తరబడి నలిగింది. దీని మీద వేసిన కమిషన్ నివేదిక 1998 జనవరిలో వచ్చింది. డెన్మార్క్ వైపు వారి తీరును అది తప్పుపట్టింది.

అప్పు మన తప్పు వల్లే అయిందని తల దించుకున్న కుటుంబానికి, అందులో కొంత అప్పు అసలు మనది కాదని తెలిస్తే ఎలా ఉంటుంది? 1994లో ఫారోలో సిగ్గు ఉంది. అతిగా నావలు కొన్నాం, అతిగా సొరంగాలు తవ్వాం, అందరం కలిసి తిన్నాం అనే సిగ్గు. 1998 నాటికి ఆ సిగ్గు కోపంగా మారింది. ఆర్థిక పరిస్థితి బాగుపడటం ఆ కోపాన్ని చల్లార్చలేదు, ధైర్యం ఇచ్చింది. చేతిలో చేప ఉంది కాబట్టి ఇప్పుడు మాట అనగలరు.

నివేదిక వచ్చిన రెండు నెలలకే, మార్చి 11న, డెన్మార్క్ పార్లమెంటు ఎన్నికలు. అందులో ఫారోకు రెండు సీట్లు. ప్రధాని పోల్ న్యూరప్ రాస్‌ముసెన్ కూటమి 90–89 తేడాతో నిలబడింది. ఆ 90లో ఫారో నుంచి గెలిచిన సోషల్ డెమొక్రాట్ యోఆన్నెస్ ఐడెస్‌గార్డ్ ఒకరు. ఫారో ఓటు ఎంత చిన్నదైనా కోపెన్‌హేగన్‌ను గడ్డం పట్టుకుని తిప్పగలదని ఆ రాత్రి అందరికీ అర్థమైంది.

ఏప్రిల్ 30న లోగ్టింగ్ ఎన్నిక. రిపబ్లికన్లు 4 నుంచి 8కి ఎగబాకారు, 23.8 శాతం ఓట్లతో మొదటి స్థానం. పీపుల్స్ పార్టీకి కూడా 8. సోషల్ డెమొక్రాట్లు 5 నుంచి 7కి కోలుకున్నారు. యూనియన్ పార్టీ 8 నుంచి 6కి దిగింది. వర్కర్స్ ఫ్రంట్ సభ నుంచి మాయమైంది. కష్టకాలంలో పుట్టిన పార్టీలకు కష్టం తగ్గితే పని ఉండదు. పీపుల్స్ పార్టీ నాయకుడు ఆన్‌ఫిన్ కాల్స్‌బెర్గ్ ప్రధానిగా, రిపబ్లికన్లు, సెల్ఫ్ గవర్నమెంట్ పార్టీ కలిసి 18 మందితో ప్రభుత్వం ఏర్పడింది. దాని లక్ష్యం బహిరంగంగానే స్వతంత్రత. జూన్‌లోనే డెన్మార్క్, బ్యాంకుల వ్యవహారం తాలూకు అప్పు భారాన్ని తగ్గించే ఒప్పందానికి వచ్చింది. నాలుగేళ్లుగా ‘మంచి అన్న’ గుమ్మంలో కూర్చుని సాధించనిది, కోపంతో ఓటు వేసిన రెండు నెలల్లో వచ్చింది. దీన్ని ఓటరు గమనించలేదంటారా?

అయితే యూనియన్ పార్టీ ఓట్ల వాటా మరీ కుప్పకూలలేదు: 23.4 నుంచి 18 శాతానికి తగ్గింది. ‘జనం మొత్తం ఇటు నుంచి అటు తిరిగారు’ అన్న మీ ఊహకు ఈ అంకె ఒప్పుకోదు. దాదాపు అయిదుగురిలో ఒకరు రెండుసార్లూ డెన్మార్క్ వైపే ఉన్నారు. తిరిగింది మధ్యలో ఉన్నవారు, వారు కూడా ప్రేమ కొద్దీ కాదు, లెక్క కొద్దీ. అందుకే నిలకడ లేదన్న మాట నాకు మింగుడుపడదు.

ఆ లెక్క ఎంత గట్టిదో 2000లో తేలింది. స్వతంత్రత మీద చర్చలు మొదలైనప్పుడు ఫారో ప్రభుత్వం డెన్మార్క్ గ్రాంటు క్రమంగా తగ్గడానికి 15 ఏళ్ల గడువు అడిగింది. న్యూరప్ రాస్‌ముసెన్ 4 ఏళ్లు అన్నారు. అంతే. 2001 మే 26న జరపాలనుకున్న ప్రజాభిప్రాయ సేకరణను రద్దు చేశారు. 15 ఏళ్లయితే చేసేవారా? నేను చేసేవారనే అంటాను, నా మిత్రుల్లో ఒకరు కాదంటారు; మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.

2002 ఏప్రిల్ 30న మళ్లీ ఓట్లు వేశారు. యూనియన్ పార్టీకి 8, రిపబ్లికన్లకు 8. పాలక కూటమికి మొత్తం 16 సీట్లు, అవతలి వైపు కూడా 16. చివరికి ఒకే ఒక్క సభ్యుడున్న సెంటర్ పార్టీ ఇటు వచ్చి కాల్స్‌బెర్గ్ ప్రభుత్వాన్ని నిలబెట్టింది.